లాయరమ్మకు ఉత్తరం: ముక్కుపుడక, మేనరికం, మొట్టికాయ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ప్రశ్న: "ఇది మా ఆచారమండీ, ఇక్కడి చట్టం ఒప్పుకుంటుందా?" నేను లెస్టర్‌లో సొలిసిటర్‌ని కాబట్టి నాకు బాగా తెలిసింది ఇంగ్లండ్ చట్టం. మిగతా దేశాల సంగతి అవసరమైన చోట మాత్రమే చెప్పాను. ఉత్తరాలను కొంచెం కుదించి, పేర్లు తీసేశాను. ఇక్కడ చదివింది పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్ళకండి. మీ కాగితాలు ఒకసారి దగ్గర్లోని లాయరుకు చూపించండి.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. వేసవి సెలవుల్లో కాకినాడ వెళ్ళినప్పుడు మా అత్తగారు దగ్గరుండి ముక్కు కుట్టించారు. పెద్దమనిషైన ఆడపిల్లకు అలా చేయడం మా ఇంట్లో ఆనవాయితీ. సెప్టెంబర్‌లో స్కూల్ తెరవగానే ముక్కుపుడక తీస్తేనే క్లాసుకు రానిస్తామన్నారు. సంప్రదాయమని చెబితే, "మీ మతంలో తప్పనిసరి అని ఎక్కడ రాసుందో చూపించండి" అంటున్నారు. నేనేం చూపించను?
— ఒక తల్లి, రెడింగ్

జవాబు: ఏ గ్రంథమూ తెచ్చి చూపించక్కర్లేదమ్మా. అచ్చం మీ ఇంటి కథే దక్షిణాఫ్రికాలో రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది. డర్బన్ గర్ల్స్ హైస్కూల్లో చదివే ఒక తమిళ హిందూ అమ్మాయి 2004లో సెలవుల్లో ముక్కు కుట్టించుకుని వచ్చింది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్ళిన కూలీల్లో తమిళులూ మనవాళ్లూ ఉన్నారు కదా, ఆ నేటాల్ ప్రాంతమే. చెవులకు చిన్న పోగులు, చేతికి వాచీ తప్ప ఇంకే నగా పనికిరాదని స్కూల్ నియమం. తల్లి మాత్రం గట్టిగా నిలబడింది. ఆడపిల్ల ఈడేరినప్పుడు ముక్కుపుడక పెట్టడం తమ ఇంటి పద్ధతి అనీ, 16 ఏళ్లు నిండాక బంగారు పుడక తీసి అమ్మమ్మ చేతుల మీదుగా వజ్రపు పుడక పెడతారనీ చెప్పింది. మతపరంగా ఇది తప్పనిసరి కాదని కూడా ఆవిడే ఒప్పుకుంది. కేసు అక్కడే పోతుందని చాలామంది అనుకుని ఉంటారు.

పోలేదు. 2007 అక్టోబర్‌లో ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా తీర్పు రాశారు. తప్పనిసరి ఆచారాలతో పాటు మనిషి మనస్ఫూర్తిగా, ఇష్టపడి పాటించే ఆచారాలకూ రక్షణ ఉంటుందన్నారు. ఒక్క పిల్లకు మినహాయింపు ఇస్తే రేపు అందరూ రకరకాలుగా వస్తారని స్కూల్ భయపడింది. వస్తే సంతోషించాల్సిందే, భయమెందుకు అన్న ధోరణిలో జవాబిచ్చింది కోర్టు. మతం వల్లగానీ సంస్కృతి వల్లగానీ మినహాయింపు కావాలంటే ఎలా అడగాలో నియమావళిలో చేర్చమని స్కూలును ఆదేశించింది. తీర్పు వచ్చేనాటికి ఆ అమ్మాయి స్కూలు దాటి వెళ్ళిపోయింది. కోర్టుల నడక అంతే.

ఆ తీర్పు రెడింగ్‌లో చెల్లదు గదా అంటారు. నిజమే, ఇక్కడ దారి వేరు. 2010 సమానత్వ చట్టంలో "సంస్కృతి" అనే విభాగం లేదు. మతం ఉంది, జాతి ఉంది, జాతి మూలాలు ఉన్నాయి. మన ఆచారం వాటిలో ఏదో ఒక గడపలోంచి లోపలికి రావాలి. 1983లో బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు స్కూలు తలపాగా ఉందని సిక్కు కుర్రాణ్ణి చేర్చుకోకపోతే, సిక్కులు మతమే కాదు, జాతి సమూహం కూడా అని అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. 2008లో వేల్స్‌లో ఒక సిక్కు అమ్మాయి చేతి కడియం కోసం పోరాడి గెలిచింది. మీకు వీటికంటే దగ్గరి కేసు 2011 నాటిది. ఉత్తర లండన్‌లో ఒక కాథలిక్ స్కూలు, కార్న్‌రోస్ జడలతో (తలకు అంటుకునేలా వరుసలుగా అల్లిన సన్న జడలు) వచ్చిన 11 ఏళ్ల ఆఫ్రికన్ కరీబియన్ కుర్రాణ్ణి మొదటి రోజే వెనక్కి పంపింది. అతని జడలకు మతంతో సంబంధం లేదు. తమ ఇంట్లో మగపిల్లలు జుట్టు కత్తిరించుకోరు, అంతే. గ్యాంగుల భయంతో పెట్టిన నియమాన్ని హైకోర్టు కొట్టేయలేదు. కానీ కుటుంబ ఆచారం నిజమైనదైనప్పుడు మినహాయింపు గురించి ఆలోచించనైనా ఆలోచించకపోవడం జాతి వివక్షే అంది. మీ హెడ్ టీచరుకు రాసే ఉత్తరంలో ఈ కేసును తప్పకుండా ప్రస్తావించండి.

అయితే ఖాయంగా గెలుస్తారని మాత్రం చెప్పను. 2006లో ల్యూటన్ అమ్మాయి జిల్బాబ్ (ముస్లిం స్త్రీలు వేసుకునే ఒళ్లంతా కప్పే పొడవాటి వస్త్రం) కేసులో గెలిచింది స్కూలే. ఎందుకంటే ఆ స్కూలు ముందే తల్లిదండ్రులతో, మసీదులతో మాట్లాడింది, సల్వార్ కమీజును యూనిఫామ్‌లో చేర్చింది. ఆలోచించి, సంప్రదించి, కొంత సర్దుకున్న స్కూలును కోర్టులు తేలిగ్గా తప్పుపట్టవు. మీ స్కూలు అలాంటిదేమీ చేసినట్టు లేదు. మీరూ కొంత సర్దుకోండి. చిన్న ఒంటిరాయి పుడక చాలు, బేసరి వద్దు. ఆటల పీరియడ్‌లో తీసేస్తామనో టేప్ అంటిస్తామనో మీరే ముందుగా రాయండి. అత్తగారి చేత నాలుగు ముక్కలు రాయించి, ఇంట్లో ఆడవాళ్ల పాత ఫోటోలు జతచేయండి. హెడ్ టీచర్ కాదంటే స్కూలు గవర్నర్లకు, అంటే పాలకమండలికి, ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే కౌంటీ కోర్టు. దానికి గడువు ఆరు నెలలే.

ప్రశ్న: దీపావళి రాత్రి మా గార్డెన్‌లో టపాసులు ఎన్ని గంటల దాకా కాల్చుకోవచ్చు? పక్కింటాయన పదింటికే పోలీసులంటాడు. భోగి మంట కూడా వేసుకోవచ్చా?
— హౌన్స్‌లో నుంచి ఒక పాఠకుడు

జవాబు: మామూలు రోజుల్లో రాత్రి 11 దాకా. దీపావళి రోజు మాత్రం ఒంటిగంట దాకా. ఇది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, 2004 నాటి బాణసంచా నిబంధనల్లో దీపావళి పేరు పెట్టి మరీ రాశారు. కొనేవాళ్లకు 18 నిండాలి. వీధిలో కాల్చకూడదు. భోగికి అలాంటి ప్రత్యేక హోదా లేదు. సొంత పెరట్లో మంట వేయడం నేరం కాదు గానీ పొగ రోడ్డు మీదికి కమ్మినా, పొరుగువాళ్లకు అదేపనిగా ఇబ్బందైనా మీ మీదికి వస్తుంది. ఇంట్లో పాత సామానంతా వేసేయడం మన అలవాటు. ప్లాస్టిక్, టైర్లు, రంగులేసిన చెక్క జోలికి పోకండి. పక్కింటాయనకు ముందురోజు అరిసెలు పంపండి, ఇది లాయరు సలహా కాదు.

ప్రశ్న: నేను మా మేనమామనే చేసుకున్నాను. ఒంగోలు దగ్గర మా ఊళ్లో 1999లో పెళ్లయింది. ఇక్కడ ఈ పెళ్లి చెల్లదని ఎవరో అన్నప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. రెండో సంగతి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, 17 నడుస్తోంది. మా చిన్న తమ్ముడికి 28. వచ్చే వేసవిలో ఇండియా వెళ్ళి ముహూర్తం పెట్టుకుందామని మా అమ్మ పట్టుబడుతోంది. పిల్ల ఏమీ అనడం లేదు.
— మిల్టన్ కీన్స్ నుంచి ఒక చెల్లెలు

జవాబు: మొదటిదానికి నిశ్చింతగా ఉండమ్మా. ఇంగ్లండ్‌లో 1949 వివాహ చట్టం మేనమామతో పెళ్లిని నిషేధించింది, అది నిజం. మన 1955 హిందూ వివాహ చట్టం కూడా మేనమామనూ మేనబావనూ నిషిద్ధ సంబంధాల్లోనే చేర్చింది. కాకపోతే ఇరుపక్షాల్లోనూ అలాంటి ఆచారం ఉంటే మినహాయింపు ఇచ్చింది. మన జిల్లాల్లో ఆ ఆచారాన్ని రుజువు చేయడం కష్టమేం కాదు. ఇద్దరూ ఇండియాలోనే స్థిరనివాసులుగా ఉన్నప్పుడు అక్కడ చెల్లిన పెళ్లిని ఇంగ్లండ్ కోర్టులు మామూలుగా గుర్తిస్తాయి. దీనికి పాత కేసే ఉంది. 1924లో కైరోలో యూదు పద్ధతిలో పెళ్లి చేసుకున్న ఒక మామ, మేనకోడలు తర్వాత ఇంగ్లండ్ వచ్చారు. ఆ పెళ్లి చెల్లుతుందని 1962లో ఇక్కడి కోర్టు చెప్పింది. మీ పెళ్లి ఫోటోలు, రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే అది, ఊళ్లో ఇలాంటి పెళ్లిళ్లు చేసుకున్న పెద్దల అఫిడవిట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి.

రెండోది కుదరదు. ఒంగోల్లో పందిరేసినా కుదరదు. మీ అమ్మాయి ఇక్కడే పుట్టి ఇక్కడే ఉంటోంది. ఎవరిని చేసుకోవచ్చు, ఎవరిని కూడదు అనేది ఆమె స్థిరనివాసం ఉన్న దేశపు చట్టం చెబుతుంది. పెళ్లి ఎక్కడ చేశారన్నది దాన్ని మార్చదు. మీ పెళ్లిని కాపాడిన సూత్రమే ఇక్కడ అడ్డం పడుతుంది.

అంతకంటే పెద్ద సంగతి వయసు. 2023 ఫిబ్రవరి 27 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో 18 నిండనివాళ్లకు పెళ్లి చేయించడమే నేరం. బలవంతం చేయకపోయినా నేరమే. ఇండియాలో చేసినా, రిజిస్టర్ చేయకుండా గుళ్లో తాళి కట్టించినా నేరమే. శిక్ష ఏడేళ్ల దాకా ఉండవచ్చు. 18 నిండాక బలవంతంగా చేసినా 2014 నుంచి అదీ నేరమే. టిక్కెట్లు కొనడం, ముహూర్తం పెట్టించడం లాంటివే పోలీసులు సాక్ష్యంగా చూస్తారు. మీ అమ్మగారికి ఈ భాగం చదివి వినిపించండి.

"పిల్ల ఏమీ అనడం లేదు" అని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీకు పెళ్లైనప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. అమ్మమ్మా మామయ్యా ఎవరూ లేనప్పుడు.

బావామరదళ్ల సంగతి చాలామంది అడుగుతున్నారు. ఇంగ్లండ్‌లో వాళ్ల పెళ్లికి ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో మాత్రం 2005 నుంచి మేనత్త కొడుక్కీ మేనమామ కూతురికీ మ్యారేజ్ లైసెన్స్ ఇవ్వరు. డాలస్‌లో సంబంధం చూసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నేను తెనాలిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ఓస్లోలో మా అబ్బాయి దగ్గరికి ఆర్నెల్లకు వెళ్తున్నాం. మనవడికి ఏడేళ్లు. "నాన్నా, వాడి మీద చెయ్యెత్తకండి, కళ్లెర్ర చెయ్యకండి" అని మావాడు ఇప్పట్నుంచే ఫోన్లో పాఠాలు. మొట్టికాయ వేయకుండా పిల్లలు మాటెలా వింటారు? నా చేతి కింద ఎంతమంది ఇంజనీర్లయ్యారో తెలుసా? మన పెంపకాన్ని వాళ్లు గౌరవించవద్దా?
— ఒక తాతగారు

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి మాట వినండి. పిల్లల్ని కొట్టకూడదని స్వీడన్ 1979లోనే చట్టం చేసింది, ప్రపంచంలో అదే మొదటిది. నార్వే 1987లో ఆ దారి పట్టింది. తాతగారు, పంతులుగారు అన్న మినహాయింపు అందులో లేదు. ఇక్కడ స్కాట్లండ్ 2020లో, వేల్స్ 2022లో అదే పని చేశాయి. ఇంగ్లండ్‌లో ఇప్పటిదాకా "సహేతుకమైన శిక్ష" అనే పాత సందు ఒకటి మిగిలి ఉంది. అది ఎంతకాలం ఉంటుందో చూడాలి. నా మటుకు నాకు, పోతే బాగుండనిపిస్తుంది.

ఓస్లో అన్నారు కాబట్టి ఒకటి గుర్తుచేయాలి. 2012లో అక్కడ ఉద్యోగం చేసే ఒక తెలుగు దంపతుల కేసు మన పేపర్లలో రోజూ వచ్చింది. వాళ్లబ్బాయికి మీ మనవడి వయసే. ఇంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్లాడు స్కూల్లో చెప్పాడు. బెదిరింపులు, హింస పదేపదే జరిగాయని నిర్ధారించి, ఆ డిసెంబర్‌లో ఓస్లో కోర్టు తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు జైలు వేసింది. మన ఊళ్లో అప్పుడు చాలామంది "కన్నబిడ్డను దండిస్తే జైలా" అని గుండెలు బాదుకున్నారు. ఆ పిల్లాడి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఒక్క మొట్టికాయకు ఆ శిక్ష పడుతుందని నేను అనడం లేదు. కానీ మా దేశంలో ఇది మామూలే అన్న వాదన ఆ కోర్టుల్లో నిలబడదు. చట్టం దెబ్బ తినే పిల్లాడి వైపు నుంచి చూస్తుంది. వాడు తెనాలి వంశమైనా నార్వే వంశమైనా దానికొకటే.

మీ మాటలో సగం న్యాయం కూడా ఉంది. తేడాగా కనిపించిన పెంపకాన్నంతా అనుమానించే అధికారులు ఉంటారు. 2011లో స్టావంగర్‌లో ఒక బెంగాలీ కుటుంబం పిల్లలిద్దర్నీ శిశు సంక్షేమ శాఖ తీసుకెళ్ళిపోయింది. చేత్తో అన్నం తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తమ మీద తప్పులుగా రాశారని కుటుంబం చెప్పింది. గోప్యత కారణంగా అధికారులు తమ కారణాలను బయటపెట్టలేదు. ఢిల్లీ కల్పించుకున్నాక 2012 ఏప్రిల్‌లో పిల్లలను బాబాయికి అప్పగించారు. 2019లో మరో కేసులో, తల్లి నార్వే ఆవిడే, బిడ్డతో ఆమె బంధాన్ని పూర్తిగా తెంచేయడం తప్పని యూరప్ మానవ హక్కుల కోర్టు నార్వేను తప్పుపట్టింది. అంటే ఆ శాఖకూ హద్దులున్నాయి.

మీరు మనవడికి గోరుముద్దలు పెట్టండి, పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెప్పండి, వేమన పద్యాలు నేర్పండి. ఇవేవీ అక్కడ నేరాలు కావు. ఎవరైనా టీచరు అడిగితే దాపరికం లేకుండా చెప్పండి. "చెప్పిన మాట వినకపోతే ఇండియాలో వదిలేసి వస్తా" అన్న బెదిరింపు మాత్రం సరదాకైనా వద్దు. ఆ ఓస్లో కేసులో పిల్లాడి నోట మొదట బయటికి వచ్చిన వాటిల్లో ఇలాంటి మాట ఉంది.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఆయన కోరిక బయట చితి మీద దహనం. అది వీలుకాకపోతే అస్థికలైనా ఇక్కడి నదిలో కలపవచ్చా?
— హ్యారో నుంచి

జవాబు: నా సానుభూతి. నదిలో అస్థికలు కలపడానికి ఇంగ్లండ్‌లో లైసెన్సు అక్కర్లేదు. తాగునీరు తీసుకునే చోటికి దూరంగా, ఒడ్డు ఎవరిదైనా సొంతమైతే అనుమతి తీసుకుని కలపండి. కలశం, ప్లాస్టిక్ దండలు, గుడ్డలు నీళ్లలో వదలకండి. పూలు విడిగా చల్లవచ్చు. చితి సంగతి చిక్కు. న్యూకాసిల్‌లో దవీందర్ ఘాయ్ అనే పెద్దాయన ఇదే కోరికతో కోర్టుకెక్కారు. 2009లో హైకోర్టు కాదంది. 2010లో అప్పీలు కోర్టు ఒక మధ్యేమార్గం చూపింది. గోడలుండి, ఎండ పడేలా పైభాగం తెరిచి ఉన్న కట్టడం కూడా 1902 దహన చట్టం ప్రకారం "భవనమే" అంది. కానీ అలాంటిది కట్టాలంటే ప్లానింగ్, కాలుష్యం అనుమతులన్నీ కావాలి. ఈ వారంలో జరిగే పని కాదు. కొడుకు దగ్గరుండి చూసేందుకు, బటన్ నొక్కేందుకు చాలా శ్మశానవాటికలు ఒప్పుకుంటాయి, ముందే అడగండి.

నమ్మకం నిజమైనదే అయినా ప్రజారోగ్యం దగ్గర చట్టం గట్టిగా ఉంటుంది. 2007లో వేల్స్‌లోని స్కంద వేల్ ఆశ్రమంలో శంభో అనే ఎద్దుకు క్షయ పరీక్ష పాజిటివ్ వచ్చింది. హైకోర్టులో ఆశ్రమం గెలిచింది, అప్పీలులో ఓడింది, శంభోను చంపేశారు.

ప్రశ్న: కోవెంట్రీలో ఎమ్మెస్ చదువుతూ శని, ఆదివారాలు ఒక తెలుగు హోటల్లో పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో వడ్డన చేసేవాణ్ణి. ఒకరోజు ఓనరు ఇంటిపేరు, ఊరు, ఊళ్లో ఏ వీధి అని అడిగాడు. మర్నాటి నుంచి అంట్లు కడగడం, టాయిలెట్లే నా పని. స్టాఫ్‌తో కలిసి తినొద్దన్నాడు. అడిగితే "మన పద్ధతులు నీకు తెలీవా" అన్నాడు. ఇంతదూరం వచ్చాక కూడా ఇదేనా అక్కా?
— ఒక తమ్ముడు

జవాబు: అవును తమ్ముడూ, పచ్చళ్లతో పాటు అదీ సూట్‌కేసులో వస్తుంది. మీ ఓనరుకు ఇది "పద్ధతి" కావచ్చు, చట్టం దృష్టిలో వివక్షే అవుతుంది. పైన ముక్కుపుడక ఉత్తరంలో చెప్పిన సమానత్వ చట్టమే నీకూ ఉంది.

చట్టంలో కులం అనే మాట నేరుగా లేదు. దాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రభుత్వం ఏళ్లు నానబెట్టి, 2018లో అక్కర్లేదని తేల్చింది. కోర్టు తీర్పులే చాలంది. నాకు ఆ నిర్ణయం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా ఆ తీర్పులు నీకు పనికొస్తాయి. బీహార్ నుంచి తెచ్చిన ఒక ఆదివాసీ పనిమనిషిని ఒక కుటుంబం మిల్టన్ కీన్స్‌లో పెట్టుకుంది. గంటకు 11 పెన్నీల లెక్కన జీతం, నేల మీద పడక. కులం కూడా "జాతి మూలాలు" కింద రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. 2015లో ఆమెకు బకాయి జీతం కిందే 1,83,000 పౌండ్లకు పైగా ఇమ్మని ట్రిబ్యునల్ ఆదేశించింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను పేరు పెట్టి నిషేధించింది. కాలిఫోర్నియాలో బిల్లు రెండు సభల్లో గెలిచి, అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో దగ్గర ఆగింది. ఉన్న చట్టాలే చాలన్నది ఆయన కారణం కూడా.

నీ కేసులో బలం ఎక్కడుందంటే, వీధి పేరు అడిగిన మర్నాడే పని మారడం. ఆ తేదీలు రాసిపెట్టు. పాత రోటా (డ్యూటీల పట్టిక), కొత్త రోటా రెండూ ఫోటో తీసుకో. వాట్సాప్ మెసేజులు చెరిపేయకు. పక్కన ఎవరెవరు ఉన్నారో వాళ్ల పేర్లు రాసుకో. ట్రిబ్యునల్‌కు వెళ్ళే గడువు చాలా తక్కువ, అంతకుముందు ఏకాస్ అనే సంస్థ ద్వారా రాజీ ప్రయత్నం జరగాలి. అక్కడ ఫోన్ సలహా ఉచితం. వీసా పోతుందని ఓనరు బెదిరిస్తే ఆ మాట కూడా తేదీ వేసి రాసుకో. నీ వీసా షరతుల్లో ఉన్న గంటలు దాటకుండా పనిచేస్తున్నంతకాలం, ఫిర్యాదు చేసినంత మాత్రాన అది పోదు. హోటల్ మానేయాలా వద్దా అన్నది ఏకాస్‌తో మాట్లాడాకే నిర్ణయించుకో. ఈ పేజీ మాత్రం అప్పటిదాకా మీ ఓనరుకు చూపించకు.